నలభై మూడో గడి

ఫణీంద్ర ఇంటి హాల్లో ఒక పటం ఉంది. దేవుడిది కాదు, పెద్దలదీ కాదు. వరసకి ఎనిమిది చొప్పున ఎనిమిది వరసల గళ్లు గీసి, గడికో క్రికెట్ కార్డు మైదాపిండి ఉడకబెట్టి అంటించి, ఫ్రేము కట్టించిన పటం. అరవై నాలుగు గళ్లలో అరవై మూడింట ఆటగాళ్లున్నారు. ఆరో వరసలో మూడో గడి మాత్రం ఖాళీ.

ఇంటికొచ్చినవాళ్ల కన్ను సరిగ్గా ఆ ఖాళీ మీదే పడేది. పన్ను ఊడితే నాలుక అస్తమానూ ఊడినచోటికే పోయినట్టు.

"అక్కడ ఏవీ లేదేంటండీ?" అని అడిగేవాళ్లు.

"అదాండీ? అది మా అక్క," అనేవాడు ఫణీంద్ర.

గుడివాడ బస్సు డిపోలో ఎలక్ట్రీషియన్ అతను. నాలుగు అద్దె ఇళ్లు మారాడు. నాలుగిళ్లలోనూ ఆ పటం ముందు వేలాడాకే గ్యాసు పొయ్యి దిగింది. నాలుగిళ్లకీ వచ్చిన చుట్టాలు, పక్కాలు, పాలవాడు, ఇన్సూరెన్సు ఏజెంటు, అందరూ అదే ప్రశ్న అడిగారు, అదే జవాబు విన్నారు. అందరూ నవ్వారు. నవ్వనిది ఒక్క త్రిపురే.

జరిగింది నిజమే మరి. ముప్పై ఏడేళ్ల కిందట బొంగరం మార్కు బబుల్‌గమ్ పొట్లానికో కార్డు వచ్చేది. త్రిపురకి పదకొండేళ్లు, ఫణికి తొమ్మిది. నలభై మూడో నంబరు ఎవరికీ దొరికేది కాదు. అందులో ఉన్నది గొప్ప ఆటగాడేం కాదు. మంచినీళ్ల ట్రే పట్టుకుని మైదానంలోకి నడిచొస్తున్న పన్నెండో మనిషి. వాణ్ణి ఎవరు కావాలనుకుంటారులే అని కంపెనీవాళ్లు తక్కువ అచ్చేశారు, దాంతో అందరికీ వాడే కావాల్సొచ్చింది. అలాంటి కార్డు ఫణికి దొరికింది. దొరికిన మూడో రోజున త్రిపుర దాన్ని పక్కింటి పిల్లకిచ్చి గజం వెల్వెట్ రిబ్బను తెచ్చుకుంది. రిబ్బను రెండు నెలలు కూడా రాలేదు. ఫణి మాట మాత్రం ముప్పై ఏడేళ్లుగా వస్తూనే ఉంది.

ఆ రిబ్బను పాపమే ఆవిణ్ణి ఈ వ్యాపారంలోకి దింపిందనుకోవచ్చు. పిల్లలు చదువులకి వెళ్లి ఇల్లు ఖాళీ అయ్యాక, నలభై మూడు కోసం వెతుకుతూ వెతుకుతూ ఆవిడే కార్డుల డీలరైంది. బెజవాడలో ప్రతి నెలా రెండో ఆదివారం ఒక కల్యాణమండపంలో కార్డుల మేళా జరుగుతుంది. ఏడో బల్ల త్రిపురమ్మ గారంటే అక్కడ తెలియనివాళ్లు లేరు. సరుకంతా నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్లో వచ్చేది. పై గిన్నెలో బ్యాట్స్‌మెన్, రెండోదాంట్లో బౌలర్లు, మూడోదాంట్లో కీపర్లూ అంపైర్లూ, అడుగు గిన్నెలో పెరుగన్నం.

"నీ బొమ్మల మీద ఊరగాయ పడకుండా చూసుకో," అనేవాడు ఆవిడ భర్త. అతనికి ఈ విషయంలో అంతకుమించి అభిప్రాయాలు లేవు.

వైశాఖంలో ఫణి ఫోన్ చేశాడు. "అక్కా, సొంతిల్లు అయిపోవస్తోంది. శ్రావణంలో గృహప్రవేశం. పెట్టిపోతలేం పెట్టుకోకు. ఖాళీ చేత్తో రా, నా గోడ మీద ఎలాగూ ఖాళీయేగా నువ్వు," అని పకపకా నవ్వాడు.

త్రిపుర కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక క్యారియర్ గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది.

*

ఆ నెల మేళాలో బందరు నుంచొచ్చిన నాగభూషణం గారు ఆవిడ బల్ల ముందు కూర్చుని కంటికి భూతద్దం తగిలించుకున్నారు. డెబ్బై దాటిన వాచీ మెకానిక్కు ఆయన. కార్డుని కూడా వాచీలాగే చూస్తారు, ఊపిరి బిగబట్టి.

"అమ్మాయ్, ఈ పదిహేడో నంబర్లో కీపరుకి మూడు గ్లౌజులున్నాయే!"

"అచ్చు తప్పు బాబాయి గారూ. మూడోది ఎవరిదో దేవుడికే తెలియాలి."

"నాకిస్తావా?"

"దేనికి?"

ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నలభై మూడుకి," అన్నారు.

త్రిపుర చేతిలో మంచినీళ్ల సీసా బల్ల మీద ఒలికింది.

"మా ఆవిడ కుంకుమభరిణె కింద ఉందమ్మా. ఇరవయ్యేళ్లుగా బయటికి తియ్యలా. వచ్చే రెండో ఆదివారం తెస్తా. వాసన చూసుకుని మార్చుకుందాం."

వాసన అంటే ఆ మేళాలో చేతిలో చెయ్యి వేసినంత. బొంగరం కార్డులు బబుల్‌గమ్ పక్కనే పొట్లంలో పడుకునేవి కాబట్టి ఎన్నేళ్లయినా వాటి వెనక అరటిపండుకీ గులాబీకీ మధ్య ఏదో తియ్యటి వాసన ఉంటుంది. నకిలీ కార్డుకి రంగులొస్తాయి, మూలలొస్తాయి, ఆ వాసన రాదు. అందుకని బేరం తెగే ముందు ఇద్దరూ ఎదుటివాళ్ల కార్డు తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకుంటారు. "వాసన కుదిరింది" అని ఇద్దరూ అంటే బేరం అయినట్టు. ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా వెనక్కి తీసుకోవడం లేదు.

*

వచ్చే రెండో ఆదివారానికి బ్రహ్మదేవుడు రాలేదు గానీ మండలి వచ్చింది.

విషయమేమిటంటే, సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే పద్ధతి చూసిరమ్మని ప్రభుత్వం ఒక పెద్దాయన్ని ఏదో దేశానికి పంపింది. ఆయన దిగిన హోటల్ పక్కనే కార్డుల ప్రదర్శన జరుగుతోంది. నీళ్ల యంత్రం ఊరికి దూరం. ఆయన తిరిగొచ్చి నివేదిక రాశారు. మూడు వారాల్లో రాష్ట్ర క్రీడాచిత్ర పత్రాల పరిరక్షణ, ప్రమాణీకరణ మండలి ఏర్పడింది. నీళ్ల సంగతి పరిశీలనలో ఉంది.

కల్యాణమండపం వేదిక మీద, వధూవరుల కుర్చీల్లో ఇద్దరు అధికారులు కూర్చున్నారు. ఒకరు సభ్యకార్యదర్శి వాచస్పతిరావు గారు. రెండోవారు మూలల నిపుణులు. అంతకుముందు ఈయన ఎక్కడో రొయ్యల సైజు చూసేవారట.

వాచస్పతిరావు గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఇన్నాళ్లూ ఈ రాష్ట్రంలో కార్డు అనాథగా బతికింది. దానికి దిక్కు లేదు, దివాణం లేదు. ఎవరు పడితే వారు, ఏ చేత్తో పడితే ఆ చేత్తో ముట్టుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారని కూడా మా దృష్టికి వచ్చింది!" ఆయన ఒక్క క్షణం బాధతో ఆగారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై ప్రతి కార్డుకీ పదికి ఇన్ని మార్కులని మండలి నిర్ణయిస్తుంది. మార్కులు లేని కార్డు చేతులు మారరాదు. చేత్తో తాకరాదు. వాసన చూడరాదు."

"వాసన చూడకపోతే నకిలీదని ఎలా తెలుస్తుందండీ?" అని వెనక నుంచి ఏలూరు పట్టాభి లేచాడు. బోళా మనిషి, పదకొండో బల్ల అతనిది.

"ప్రజల తరఫున వాసన చూసేందుకు ఒక ఘ్రాణాధికారి పోస్టు మంజూరైంది," అన్నారు వాచస్పతిరావు గారు. "సీనియారిటీ ప్రకారం భర్తీ చేశాం."

ఘ్రాణాధికారి వేదిక పక్కన నిలబడి నమస్కారం పెట్టి, జేబురుమాలు తీసి గట్టిగా చీదుకున్నారు. ఆయనకి పన్నెండు నెలలూ జలుబని తర్వాత తెలిసింది.

ఇంతలో గ్లౌజులు, పట్టకార్లు పంచారు. గ్లౌజులతో కార్డులు విడతీయబోతే ఆరేసి ఊడొచ్చాయి. పట్టకారుతో పట్టుకుంటే మధ్యకి గాటు పడింది. మూలల నిపుణులు బల్లలన్నీ తిరుగుతూ నాగభూషణం గారి దగ్గర ఆగారు. ఆయన అప్పుడే కుంకుమ అంటిన సిల్కు గుడ్డ విప్పి నలభై మూడుని బయటికి తీసి త్రిపుర కేసి చాపారు. పన్నెండో మనిషి ట్రే పట్టుకుని కళకళలాడుతున్నాడు.

త్రిపుర చేతిలో ఉన్న పదిహేడు అప్పటికే క్యారియర్లో పెరుగన్నం గిన్నె కిందకి వెళ్లిపోయింది. ఇల్లు నడిపే ఆడదాని చేతికి ఈ పని ఒకరు నేర్పక్కర్లేదు. నాగభూషణం గారు వాచీలు బాగుచేసేవారు కాబట్టి, చెయ్యి కదపకుండా అలాగే ఉన్నారు.

"దీనికి మార్కులున్నాయా?" అన్నారు నిపుణులు.

"లేవండీ. కార్డు ఉంది."

"అదే పొరపాటు."

నిపుణులు దాన్ని పట్టకారుతో అందుకుని, ఎత్తి చూసి, "తొమ్మిది," అన్నారు. తర్వాత మూల వంగుతుందో లేదో చూద్దామని వంచారు. వంగింది. "ఎనిమిది," అని రాసుకున్నారు. నాగభూషణం గారి చేతికో రసీదు వచ్చింది.

"ఎప్పుడిస్తారండీ?" అంది త్రిపుర.

"ఇవ్వడమేమిటమ్మా?" అన్నారు నిపుణులు, నిజంగానే అర్థం కాక. "పరిరక్షిస్తాం."

*

ఆషాఢం వచ్చింది. త్రిపుర మండలి కార్యాలయానికి మూడుసార్లు వెళ్లింది. మొదటిసారి వెళ్తే, కార్డు క్షేమంగానే ఉందో లేదో పెట్టె తెరిచి చూసి, ఏడు అన్నారు. గాలి తగిలిందట. రెండోసారి, పోయినసారి తెరిచినప్పుడు నష్టం ఏమైనా జరిగిందా అని తెరిచి చూసి, ఆరు అన్నారు. మూడోసారి నాగభూషణం గారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది.

వాచస్పతిరావు గారు వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. అదే వచ్చిన చిక్కు.

"చూడండమ్మా, మీరు అడిగారు కాబట్టి చూశాం. చూశాం కాబట్టి ఐదు. ఇందులో మండలి లోపం ఏమైనా ఉందా?"

"మీరు చూడకుండా మాకిచ్చేయండి."

"భౌతిక పరిశీలన లేకుండా ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. పరిశీలిస్తే నాలుగవుతుంది. ఐదుకి తగ్గిన ప్రతి కార్డునీ నిర్మూలించాలి."

"నిర్మూలించడమంటే?" అన్నారు నాగభూషణం గారు.

"మిషన్లో వేసి ముక్కలు చేస్తాం. రాష్ట్ర సగటు పడిపోతుంది కదండీ! పక్క రాష్ట్రం ఎనిమిదీ పాయింటు నాలుగులో ఉంది." ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఎన్ని కార్డులు రక్షించుకోవడానికి ఎన్ని కార్డులు ముక్కలు చేస్తున్నామో మీకు తెలియదు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు."

ఒకమూల ఆ మిషను గర్రుగర్రుమంటూనే ఉంది. దాని కింద బుట్టలో రంగురంగుల కాగితపు తురుము, పెళ్లివారి మీద చల్లడానికి సిద్ధం చేసినట్టు.

బయటికొచ్చాక నాగభూషణం గారు మెట్ల మీద కూలబడ్డారు. "ఇరవయ్యేళ్లు కుంకుమభరిణె కింద చెక్కుచెదరలేదమ్మా. వీళ్లు నెల్లాళ్లు రక్షించేసరికి నాలుగు మెట్లు దిగింది. ఇంకోసారి అడిగావంటే నువ్వే దాన్ని చంపినదానివవుతావు."

"అడగను బాబాయి గారూ."

"మరి మీ తమ్ముడి గడి?"

త్రిపుర వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. గృహప్రవేశానికి ఇంక పదహారు రోజులుంది.

*

ఆ నెల మేళాకి వెళ్లేసరికి ఏ బల్ల మీదా కార్డు లేదు. అన్నిటి మీదా కవర్లున్నాయి. లక్క ముద్ర వేసిన ఖాకీ కవర్లు.

జరిగిందేమిటంటే, పరిశీలన వల్లే కార్డులు పాడవుతున్నాయని మండలి శాస్త్రీయంగా కనుక్కుంది. అందుకని పరిశీలన మానేసి, మార్కులు మాత్రం ఉంచింది. కార్డుని కవర్లో పెట్టి అంటించి ఇస్తే, తెరవకుండా ముద్ర వేసి పది ఇస్తారు. మండలి దగ్గర అప్పటికే ఉన్నవి మాత్రం పాత మార్కులతోనే కవర్లకెక్కాయి. ఎవరూ చూడని కార్డుకి ఎవరివల్లా నష్టం లేదు కదా. రాష్ట్ర సగటు వారంలో తొమ్మిదికి చేరింది. వాచస్పతిరావు గారికి నిద్ర పట్టసాగింది.

అప్పుడు ఏలూరు పట్టాభి ఒక పొరపాటు చేశాడు. హడావిడిలో కార్డు చొక్కా జేబులో పెట్టుకుని ఉత్త కవరు అంటించి ఇచ్చాడు. పది వచ్చింది. ఇంటికెళ్లి చొక్కా తడపబోతే కార్డు కనబడింది. బోళా మనిషి కదా, పరుగున వెళ్లి ఒప్పుకున్నాడు.

"సార్, తప్పయిపోయింది. కవర్లో కార్డు లేదు సార్."

"మీరెలా చెప్పగలరు? తెరిచి చూశారా?"

"లేదు సార్. కార్డు ఇదుగో, నా జేబులో ఉంది."

వాచస్పతిరావు గారు కళ్లు మూసుకున్నారు. "ముందు దాన్ని లోపల పెట్టండి. ముద్రలేని కార్డు నడిబజార్లో తీయడం నేరం. ఇక కవరంటారా, లోపల ఏముందన్నది మండలి పరిధిలోని అంశం కాదు. కవరు నిర్దోషి."

ఆ మాట మేళా అంతా పాకిపోయింది. ఉత్త కవరుకి మడతలు పడవు, చెదపట్టదు, రంగు వెలవదు. లోపల కార్డుంటే ఎప్పటికైనా ఎవరో తెరుస్తారేమోనని భయం. ఉత్త కవరుకి ఆ భయమూ లేదు. "నాది గ్యారంటీగా ఉత్తదే," అని దేవుడి మీద ఒట్టేసి చెప్పిన కవరుకి గిరాకీ పెరిగింది. కార్డున్న కవర్లని జనం వేళ్లతో నొక్కి చూసి, గట్టిగా తగిలితే పెదవి విరిచి పక్కన పెడుతున్నారు.

"ఇదేంట్రా పట్టాభీ?" అంది త్రిపుర.

"నాకేం తెలుసక్కా. ఇవాళ పొద్దుట్నుంచీ పదకొండు ఉత్త కవర్లిచ్చి పదకొండు ఉత్త కవర్లు పుచ్చుకున్నా. ఏదో పెద్ద యాపారం చేసినట్టుంది గానీ, చెయ్యి చూసుకుంటే ఏం లేదు."

వేదిక పక్కన ఘ్రాణాధికారి వరసగా కవర్లని ముక్కు దగ్గర పెట్టుకుని "వాసన చూడబడినది" అని ముద్రేస్తున్నారు. మధ్యమధ్య ఆవిరి పడుతున్నారు.

*

ఇంటికొచ్చేసరికి వీధిలో పంచాయితీ నడుస్తోంది. మురుగుకాలవ బాగుచేయించమని ఎదురింటావిడ అర్జీ పెట్టుకుంది. మునిసిపాలిటీవాళ్లొచ్చి ఆవిడ అరుగు పగలగొట్టి కాలవ బాగుచేశారు. పగిలిన అరుగు రాళ్లు గుమ్మానికి అడ్డంగా గుట్టపోసి ఉన్నాయి.

"ఇవెవరు తీస్తారయ్యా?" అంటోంది ఆవిడ.

"అర్జీ పెట్టినోళ్లే తీసుకుపోవాలమ్మా. తవ్వినదాంతో మాకు సంబంధం లేదు, రూలు," అంటున్నాడు మేస్త్రీ.

త్రిపుర గుమ్మంలో నిలబడి ఆ రాళ్లకేసి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికెళ్లి బందరుకి ఫోన్ చేసింది. "బాబాయి గారూ, రేపు పొద్దున్నే బస్సెక్కండి. మీరో అర్జీ మీద సంతకం పెట్టాలి."

మర్నాడు వాచస్పతిరావు గారు ఆ అర్జీని రెండుసార్లు చదివారు. రెండోసారి పైకి చదివారు.

"మండలి వారి సముఖమునకు, బందరు వాస్తవ్యుడు గంధం నాగభూషణం వ్రాసుకొన్న అర్జీ. నా పేర తమ వద్ద భద్రముగా నున్న కవరునకు ఐదు మార్కులు మాత్రమే వచ్చియున్నవి. ఇందుకు కారణము ఆ కవరులో ఒక కార్డు ఉండుటయే. కావున తాము దయతో సదరు దోషమును తొలగించి, కవరునకు పది మార్కులు దయచేయించవలెనని ప్రార్థన."

చదివి ఆయన కళ్లజోడు తీశారు. కళ్లు చెమర్చి ఉన్నాయి.

"మొదటి పౌరుడివయ్యా నువ్వు!" అన్నారు. "మండలి ఆశయాన్ని అర్థం చేసుకున్న మొదటి పౌరుడివి. అందరూ కార్డు ఇమ్మని వస్తారు. కార్డు తీసెయ్యమని వచ్చినవాడు లేడు."

"అంతా తమ దయండీ," అన్నారు నాగభూషణం గారు, త్రిపుర నేర్పినట్టే.

మూలల నిపుణులు పెట్టె తెరిచారు. కవర్లోంచి పట్టకారుతో నలభై మూడుని లాగారు. కవరుకి పది వేసి, ముద్ర కొట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశారు. పట్టకారు చివర పన్నెండో మనిషి తలకిందులుగా వేలాడుతున్నాడు. ట్రేలో నీళ్లు మాత్రం ఒలకలేదు.

"మరి ఈ దోషాన్ని ఏం చేద్దాం సార్? మిషన్లో వేద్దామా?"

త్రిపుర చీరకొంగు భుజం మీదుగా లాక్కుని, "మునిసిపాలిటీ రూలు ప్రకారం తవ్వి తీసినవి అర్జీదారే మోసుకుపోవాలటండీ. మీ దగ్గర వేరే రూలుందా?" అంది.

లేదు. రూలు లేకపోవడమంత ఇబ్బంది ఆ కార్యాలయంలో ఇంకోటి లేదు. వాచస్పతిరావు గారు ఫైళ్లు వెతికించారు, చివరికి మునిసిపాలిటీ రూలునే అరువు తెచ్చుకున్నారు. "తొలగించబడిన దోషమును అర్జీదారు తన సొంత ఖర్చులతో ఇరవై నాలుగు గంటలలో తీసుకుపోవలెను. లేనిచో జరిమానా," అని రాసి, కఠినంగా చూశారు. "ఆలస్యం చేయకండి."

ఆలస్యం చేయలేదు. ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుని నాగభూషణం గారు పదిహేడుని తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. కాస్త పెరుగు కూడా తగిలింది గానీ, అడుగున అరటిపండూ గులాబీ అలాగే ఉన్నాయి. త్రిపుర నలభై మూడుని వాసన చూసింది. ఒక మూల వంగి ఉంది, మధ్యన పట్టకారు గాటు. వెనక మాత్రం కుంకుమ, దాని కింద అదే తియ్యదనం.

"కుదిరింది బాబాయి గారూ."

"కుదిరిందమ్మా," అన్నారాయన. "ఇక పారిపో."

*

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలకి ఇంకా వేళ కాలేదు. పటం కొత్త హాల్లో వేలాడుతోంది. మరదలు వనజ వంటింట్లో మైదాపిండి ఉడకబెట్టి గిన్నె తెచ్చి పెట్టింది. త్రిపుర పసుపు కుంకుమలు, చీర, పంచెల చాపు ఉన్న పళ్లెం తమ్ముడి చేతిలో పెట్టి, "తమలపాకుల కింద చూడు," అంది.

ఫణీంద్ర ఆకులు పక్కకి తీశాడు. పన్నెండో మనిషి కనబడ్డాడు.

నలభై ఆరేళ్ల మనిషి, డిపోలో కరెంటు వైర్లు పట్టుకునేవాడు, ఆ కార్డు పట్టుకోవడానికి రెండుసార్లు చెయ్యి తుడుచుకున్నాడు. వెక్కిరింతలన్నీ ఏమయ్యాయో. పటం దింపి, అద్దం తీసి, వేలితో మైదా తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో జీపు ఆగింది.

గోడల మీద వేలాడే కార్డుల తనిఖీ అని మండలి కొత్త కార్యక్రమం. ముహూర్తాలున్న ఇళ్లలోనైతే అందరూ ఇంట్లోనే దొరుకుతారని పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వెళ్తున్నారు. వాచస్పతిరావు గారు, మూలల నిపుణులు, ఘ్రాణాధికారి ముగ్గురూ చెప్పులు విప్పి లోపలికొచ్చారు. నలభై మూడు మళ్లీ తమలపాకుల కిందకి పోయింది. త్రిపుర పళ్లెం అందుకుని దాని మీద రెండు అరటిపళ్లు కూడా పెట్టింది.

మూలల నిపుణులు పటం మీదకి వంగారు. "పిండితో అంటించారా! ఒకటి. ఇదీ ఒకటి. ఒకటి. ఒకటి." వరసలు దిగుతున్నారు. ఒక్కొక్క 'ఒకటి'కీ ఫణీంద్ర మొహంలో రక్తం దిగిపోతోంది. "సార్, మొత్తం నిర్మూలనే. జీపులో మిషనుంది."

"అయ్యా, అవి నా చిన్నప్పటివండీ," అన్నాడు ఫణీంద్ర. "ఎవరికీ అమ్మను, మార్చను. గోడకుంటాయంతే."

"అందరూ ఇదే అంటారు," అన్నారు వాచస్పతిరావు గారు విచారంగా. నిపుణులు ఆరో వరసకొచ్చారు. ఒకటి, ఒకటి. ఆగారు. భూతద్దం తీశారు. వేలితో గాల్లోనే నాలుగు మూలలూ కొలిచారు.

"సార్! ఇలా రండి సార్!"

ముగ్గురూ ఆ ఖాళీ గడి మీదకి వంగారు.

"ముడత లేదు సార్. మరక లేదు. రంగు వెలవలేదు. నాలుగు మూలలూ..."

"అచ్చు తప్పు?"

"అచ్చే లేదు సార్."

ఘ్రాణాధికారి వంగి పీల్చారు. "నాకే వాసనా రావట్లేదు," అన్నారు. ఈసారి ఆయన చెప్పింది నిజమే.

వాచస్పతిరావు గారు పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఎన్నేళ్లుగా ఉందయ్యా ఇది మీ దగ్గర?"

ఫణీంద్ర అక్కకేసి చూశాడు. "ముప్పై ఏడేళ్లుగా ఉందండీ."

"ముప్పై ఏడేళ్లు చెక్కుచెదరకుండా కాపాడారు!" ఆయన వెనక్కి తిరిగారు. "పది! రాయండి. కవరు కూడా లేని స్వచ్ఛమైన పది రాష్ట్రంలో ఇదొక్కటే. దీన్ని సంరక్షిత స్థలంగా ప్రకటిస్తున్నాం."

"మరి చుట్టూ ఉన్న అరవై మూడూ సార్?"

"అవి దీనికి అంచు. అంచు తీస్తే గడి ఉండదు. అంచుని ముట్టుకోకండి."

గడి నాలుగు మూలలా లక్క ముద్రలు పడ్డాయి. ఇందులో ఏ వస్తువు ఉంచినా, అంటించినా, దోపినా శిక్షార్హమని కాగితం పటం వెనక అంటించారు, వనజ ఉడకబెట్టిన మైదాతోనే. ధూళి పడకుండా మూడు నెలలకోసారి వచ్చి ఖాళీని చూసిపోతామన్నారు. భోంచేసి, తాంబూలం పుచ్చుకుని వెళ్లారు. తాంబూలం పళ్లెం వాచస్పతిరావు గారి ముందు పట్టింది త్రిపురే. పై రెండాకులూ ఆవిడే తీసిచ్చింది.

జీపు చప్పుడు వీధి మలుపు తిరిగాక హాల్లో అక్కా తమ్ముడూ మిగిలారు.

"నువ్వప్పుడు దాన్ని రిబ్బనుకి ఇచ్చెయ్యకపోయుంటే," అన్నాడు ఫణీంద్ర మెల్లగా, "ఇవాళ అరవై నాలుగూ మిషన్లో పడేవే."

"అందుకేరా ఇచ్చింది," అంది త్రిపుర. "నాకప్పుడే తెలుసు."

"నీ మొహం తెలుసు!"

తమలపాకుల కింద నుంచి కార్డు తీసి తిరగేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

"వాసన కుదిరిందక్కా," అని, దాన్ని చొక్కా జేబులో, గుండె వైపున దోపుకుని గుండీ పెట్టుకున్నాడు.

సాయంత్రం డిపో మేనేజరు గారు ఆలస్యంగా వచ్చారు. కాఫీ కప్పు పట్టుకుని ఇల్లంతా చూసి, హాల్లో పటం దగ్గర ఆగారు. అందరి కన్నూ పడేచోటే ఆయన కన్నూ పడింది.

"ఏంటయ్యా ఫణీ, చుట్టూ ఇంతమంది ఉన్నారు, మధ్యలో ఆ సీళ్లేంటి, ఆ ఖాళీ ఏంటి?"

త్రిపుర వంటింటి గుమ్మంలో ఆగిపోయింది, అలవాటుగా.

"అదాండీ?" అన్నాడు ఫణీంద్ర. "అది గవర్నమెంటు."